వేళ్ళు నేర్చుకునే పని: మట్టి, పూలు, కత్తెర, ముగ్గు

వామనగుంటల పీట ముందు కూర్చున్న ఆరేళ్ళ పాపను కాసేపు గమనించండి. ఒక గుంటలోని చింతపిక్కలన్నీ గుప్పిట్లోకి తీసుకుంటుంది. తర్వాత ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేసుకుంటూ పోతుంది. పెద్దవాళ్ళకు ఇందులో కష్టమేమీ కనిపించదు. కానీ ఆ చిన్న చేతిలో చాలా పని జరుగుతోంది. చిటికెన వేలు, ఉంగరపు వేలు మడుచుకుని మిగిలిన గింజలు జారిపోకుండా అరచేతిలో అదిమి పట్టుకుంటాయి. బొటనవేలు ఒకే ఒక్క గింజను అరచేతిలోంచి చూపుడువేలి కొస దాకా నెట్టుకొస్తుంది. అదొక్కటే పడాలి, పక్కది పడకూడదు. అదే గుప్పెడు నాలుగేళ్ళ తమ్ముడికిస్తే రెండో చేత్తో గింజ తీసి వేస్తాడు, లేదా ఒకటి వేయబోతే మూడు పడతాయి. వాడికి లెక్క రాక కాదు. చేతిలో సగం కదలకుండా ఉండి, మిగతా సగం మాత్రమే కదిలే నేర్పు వాడికింకా రాలేదు.

పెన్సిల్ పట్టుకున్నప్పుడు కావలసింది కూడా సరిగ్గా ఇదే. చివరి రెండు వేళ్ళు మడుచుకుని కాగితం మీద ఆనుకుంటాయి, బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిసి పెన్సిల్‌ను నడుపుతాయి. ఒకటో తరగతి పిల్లవాడు నాలుగు లైన్లు రాసేసరికి "చెయ్యి నొప్పి" అంటే చాలా ఇళ్ళలో దాన్ని బద్ధకం అనుకుంటారు. ఇంకో రెండు పేజీలు రాయిస్తారు. చాలాసార్లు లోటు ఉన్నది రాతలో కాదు, రాతకు ముందు వేళ్ళు నేర్చుకోవలసిన పనుల్లో. స్కూళ్ళలో ఈమధ్య తరచూ వినిపిస్తున్న ఫైన్ మోటార్ స్కిల్స్ అనే మాటకు అర్థం ఇదే: వేళ్ళు, మణికట్టు, కన్ను కలిసి చిన్న పనిని కుదురుగా చేయగలగడం. గుండీ పెట్టుకోవడం, జిప్పు లాక్కోవడం, నీళ్ళ సీసా మూత తిప్పడం అన్నీ ఇందులోవే.

ఈ నేర్పు కోసం పిల్లలకు క్రాఫ్ట్ పనులు ఇవ్వాలని అందరూ చెబుతున్నారు. అయితే ఏ పని ఏ కదలికను నేర్పుతుందో, ఏ వయసులో ఇవ్వాలో చెప్పేవాళ్ళు తక్కువ. అది తెలియకపోతే క్రాఫ్ట్ అంటే ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టే బొమ్మగానే మిగులుతుంది. బొమ్మ అందంగా వచ్చిందా లేదా అన్నది ఇక్కడ పెద్ద విషయం కాదు. అది తయారయ్యే క్రమంలో పిల్లవాడి వేళ్ళు ఏం చేశాయన్నదే విషయం.

చేయి ఎలా తయారవుతుంది

మనిషి చేతిలో 27 ఎముకలుంటాయి. అందులో 8 మణికట్టువి. పుట్టిన బిడ్డ మణికట్టును ఎక్స్‌రే తీస్తే సాధారణంగా అక్కడ ఎముకలు కనిపించవు, ఇంకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటాయి. ఏళ్ళు గడిచేకొద్దీ ఒక్కొక్కటి గట్టిపడుతూ వస్తుంది. చివరిది గట్టిపడేది 8 నుంచి 12 ఏళ్ళ మధ్య. మూడేళ్ళ పిల్లవాడి చేతికి పెన్సిల్ ఇచ్చి కాపీ పుస్తకం నింపించే ముందు గుర్తుంచుకోవలసిన సంగతి ఇది. ఆ చేయి పెద్దవాళ్ళ చేతికి చిన్న సైజు నకలు కాదు, ఇంకా కట్టుబడిలో ఉన్న చేయి.

ఇంకో సంగతి చాలామందికి ఆశ్చర్యంగా ఉంటుంది. వేళ్ళను కదిలించే కండరాలు వేళ్ళలో ఉండవు. కొన్ని ముంజేతిలో ఉండి పొడవాటి స్నాయువుల ద్వారా తాళ్ళు లాగినట్టు వేళ్ళను లాగుతాయి. మిగతావి అరచేతిలో ఉండే చిన్న కండరాలు. బొటనవేలి కింద ఉబ్బెత్తుగా కనిపించే కండ వాటిలో ముఖ్యమైనది. అంటే వేళ్ళ బలం అంటే అరచేతి బలం, ముంజేతి బలం కూడా. వాటి వెనక భుజం స్థిరంగా నిలవాలి. భుజం కుదురు లేకుండా వేలికొసకు కుదురు రాదు. చెట్టెక్కడం, తాడు లాగడం, నాలుగు కాళ్ళ మీద ఏనుగాట ఆడటం కూడా చేతిరాతకు పునాదే అని ఆక్యుపేషనల్ థెరపిస్టులు (రోజువారీ పనులు చేసుకోవడంలో ఇబ్బంది ఉన్నవాళ్ళకు సాధన చేయించే నిపుణులు) చెప్పేది ఇందుకే.

పట్టు వచ్చే వరస కూడా ఇలాగే ఉంటుంది. నెలల బిడ్డ వస్తువును మొత్తం అరచేత్తో పట్టుకుంటుంది. 9 నుంచి 12 నెలల మధ్య బొటనవేలు, చూపుడువేలు కొసలతో నేల మీది మరమరాన్ని ఏరి నోట్లో పెట్టుకోవడం మొదలవుతుంది. ఏడాదిన్నర బిడ్డ క్రేయాన్‌ను గుప్పిట బిగించి పట్టుకుని భుజంతో గీస్తుంది. మూడు, నాలుగేళ్ళకు వేళ్ళు ముందుకొస్తాయి కానీ కదలిక మాత్రం మణికట్టు నుంచో మోచేయి నుంచో వస్తుంది. మూడు వేళ్ళ కొసలే కదులుతూ పెన్సిల్ నడిచే స్థితి ఐదారేళ్ళకు గానీ కుదరదు. ఇవి సగటు లెక్కలు. ఒకరికి ఆరు నెలలు అటూఇటూ అయితే కంగారు పడక్కర్లేదు. అయితే మెట్టు దాటించి పైకి లాగితే మాత్రం, పిల్లలు ఎలాగోలా పని జరుపుకోవడానికి బొటనవేలిని గుప్పిట్లోకి దూర్చడమో, పెన్సిల్‌ను నొక్కి పట్టడమో అలవాటు చేసుకుంటారు. ఆ అలవాటును తర్వాత మాన్పించడం కష్టం.

మరియా మాంటిస్సోరి ఈ వరసను బాగా పట్టుకున్నారు. 1907లో రోమ్‌లోని శాన్ లోరెంజో అనే పేదవాడలో ఆమె మొదటి బాలల ఇల్లు తెరిచారు. అక్కడ పిల్లలకిచ్చిన వస్తువుల్లో చెక్క దిమ్మల్లో అమరే స్థూపాలు ఒకటి. నాలుగు దిమ్మలు, ఒక్కోదానిలో పది స్థూపాలు, ప్రతిదానికీ పైన చిన్న పిడి. పైకి చూస్తే అది లావు, సన్నం, పొడవు, పొట్టి తెలుసుకునే ఆట. ఆ పిడిని మాత్రం పెన్సిల్ పట్టే మూడు వేళ్ళతోనే పట్టుకోవాలి. పెన్సిల్ ఊసే లేకుండా రోజుకు పదుల సార్లు పెన్సిల్ పట్టు సాధన జరిగిపోతుంది. 1939లో ఆమె మద్రాసు వచ్చి అడయారులో టీచర్లకు శిక్షణ ఇచ్చారు. అంతలో యుద్ధం రావడంతో కొన్నేళ్ళు ఇక్కడే ఉండిపోయారు. ఈ రోజు మన ఊళ్ళలో మాంటిస్సోరి పేరు బోర్డు మీద రాసుకున్న స్కూళ్ళు ఎన్నో ఉన్నాయి. వాటిలో ఎన్నింట్లో ఆ స్థూపాలు ఉన్నాయో, ఉన్నా పిల్లల చేతికి అందుతున్నాయో తల్లిదండ్రులు అడ్మిషన్ రోజున ఒక్కసారి అడిగి చూడటం మంచిది.

మట్టి ముద్ద

చేతికి పనిచెప్పే వస్తువుల్లో మట్టిని మించింది లేదు. వినాయక చవితికి ఇంట్లో బంకమట్టి తెచ్చి పిల్లలతో బొమ్మ చేయించే అలవాటు కొన్ని ఇళ్ళలో మళ్ళీ మొదలైంది. ఆ ఒక్క బొమ్మలో చేతికి ఎన్ని పాఠాలున్నాయో చూడండి.

మట్టిని పిసకడం మొదటిది. అరచేయి మొత్తం, ముంజేయి, భుజం అన్నీ పనిచేస్తాయి. మట్టి గట్టిగా ఉంటే పిల్లవాడు లేచి నిలబడి ఒంటి బరువంతా వేసి అదుముతాడు. అది మంచిదే, ఆపకండి. తర్వాత పొట్ట కోసం పెద్ద ఉండ. దీన్ని రెండు అరచేతుల మధ్య పెట్టి తిప్పాలంటే అరచేయి దోసిలిలా గుంట పడాలి. ఈ గుంట పడటమే చేతి బలానికి మూలం. అరచేయి పలకలా చదునుగా ఉండే పిల్లలకు ఉండ గుండ్రంగా రాదు, అప్పడంలా అణిగిపోతుంది. తల నిమ్మకాయంత ఉండ. ఇక్కడికొచ్చేసరికి అరచేతి పని తగ్గి వేళ్ళ పని పెరుగుతుంది. చేతిలోని ఉండ్రాయి రేగుపండంత. కళ్ళు శనగగింజంత. ఈ చివరి ఉండను అరచేతిలో చేయలేరు, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యే తిప్పాలి. అంటే ఉండ సైజు తగ్గేకొద్దీ పని అరచేతి నుంచి వేలికొసకు జరుగుతుంది. పిల్లవాడు ఎక్కడ ఆగిపోతున్నాడో చూస్తే వాడి చేయి ఏ మెట్టు మీద ఉందో తెలిసిపోతుంది.

తొండం కోసం మట్టిని పీట మీద తాడులా దొర్లించాలి. వేళ్ళు చాపి ఒకే ఒత్తిడితో ముందుకూ వెనక్కూ పోవాలి. ఒకవైపు ఎక్కువ నొక్కితే అక్కడ సన్నబడి తెగుతుంది. ఒత్తిడిని తగ్గించుకోవడం, పెంచుకోవడం నోటితో చెప్పి నేర్పగలిగేది కాదు. తెగిన తొండమే నేర్పుతుంది. చెవి అతికించడం ఇంకా పెద్ద పని. రెండువైపులా పుల్లతో గీతలు గీసి, తడి మట్టి రాసి, అంచు చుట్టూ వేలితో నిమరాలి. ఊరికే అంటిస్తే ఆరాక ఊడిపోతుంది. మర్నాడు ఊడిన చెవిని చూసిన పిల్లవాడు మరుసటి ఏడు గీతలు తానే గీస్తాడు.

ఇప్పుడు అచ్చుల కిట్లు వచ్చాయి. మట్టి అచ్చులో నొక్కి తీస్తే ముచ్చటైన వినాయకుడు వచ్చేస్తాడు. పండగకు అది ఉపయోగపడుతుంది కానీ వేళ్ళకు ఉపయోగపడదు. పైన చెప్పిన పనుల్లో ఒక్క నొక్కడం తప్ప ఏదీ అందులో లేదు. ముఖం అచ్చుతో చేసినా సరే, ఉండ్రాళ్ళు, ఎలుక, పీట మాత్రం పిల్లల చేతికి వదిలేయాలి.

ఏడాదికోసారి వచ్చే పండగతో చేయి తయారవదు కదా అంటే, చపాతీ పిండి రోజూ ఉంటుంది. ఓ చిన్న ముద్ద చాలు. గవ్వలు చేసే రోజైతే ఇంకా మంచిది. చిన్న ఉండను గవ్వల చెక్క మీద బొటనవేలితో నొక్కి ముందుకు తోస్తే చారలతో గవ్వ చుట్టుకుంటుంది. బొటనవేలి కండకు దీన్ని మించిన కసరత్తు కొనుక్కొచ్చినా దొరకదు. గవ్వల చెక్క లేకపోతే కొత్త దువ్వెన వాడుకోవచ్చు.

దారం, పూలు, పిండి

పెద్దవాళ్ళు పక్కన ఉంటే గుచ్చడం రెండున్నర, మూడేళ్ళకే మొదలుపెట్టవచ్చు. అయితే మొదట ఇవ్వవలసింది సూది, పూలు కాదు. బూటు లేసు లాంటి బిరుసైన తాడు, పెద్ద రంధ్రమున్న చెక్క పూసలు. మెత్తటి దారమైతే కొసను టేపుతో చుట్టాలి, లేదా కరిగిన కొవ్వొత్తిలో ముంచి ఆరనిస్తే పుల్లలా నిలబడుతుంది. పూసలు లేకపోతే, పిల్లలు వేయించాక ఒక్కో వేలికి తొడుక్కుని తినే గొట్టాలున్నాయి కదా, అవే పచ్చివి పనికొస్తాయి. ఒక చేయి తాడును నెట్టాలి, రెండో చేయి గొట్టాన్ని పట్టుకుని, అవతల పైకొచ్చిన కొసను అందుకుని లాగాలి. మొదట్లో పిల్లలు తాడు దూర్చి, అవతల పట్టుకోకుండానే ఇవతలి చేయి వదిలేస్తారు. తాడు వెనక్కి వచ్చేస్తుంది. ఒక చేయి వదిలేలోపు రెండో చేయి అందుకోవాలన్న సంగతి చేతులకు తెలియడానికి కొన్ని రోజులు పడుతుంది.

ఐదేళ్ళు దాటాక మొద్దు కొస ఉన్న పెద్ద సూదితో బంతిపూలు గుచ్చవచ్చు. బంతిపువ్వు కాడ దగ్గర గట్టిగా ఉంటుంది కాబట్టి సూది ఎక్కడ దిగిందో చేతికి తెలుస్తుంది. గుచ్చడం వేరు, కట్టడం వేరు. మల్లెలు, కనకాంబరాలు మాల కట్టడం ఏడెనిమిదేళ్ళ పని. దారం కొసను కాలి బొటనవేలికి తగిలించుకుని, రెండేసి పూలు అటూఇటూ ఎదురెదురుగా పెట్టి, ఎడమచేతి వేళ్ళతో కాడలు పట్టుకుని, కుడిచేతి వేళ్ళ మీద దారాన్ని మెలిపెట్టి ఆ మెలికను కాడల మీదికి జార్చి బిగించాలి. ఎక్కువ బిగిస్తే కాడ తెగుతుంది. వదులుగా వదిలేస్తే పువ్వు జారిపోతుంది. రెండు చేతులూ ఒకేసారి వేర్వేరు పనులు చేయాలి, పైగా బలం కొలిచి వాడాలి. అమ్మమ్మ పక్కన కూర్చుని ఈ పని నేర్చుకున్న పిల్లకు లేసు కట్టుకోవడం, జడ అల్లుకోవడం విడిగా నేర్పనక్కర్లేదు. మగపిల్లలకు ఈ అవకాశం ఇవ్వకపోవడం మన ఇళ్ళలో ఉన్న పెద్ద పొరపాటు. వాళ్ళ వేళ్ళు కూడా అవే ఎముకలతో తయారయ్యాయి.

తెలంగాణలో బతుకమ్మ పేర్చే రోజుల్లో పిల్లలకు దొరికే పని ఇంకో రకం. తంగేడు, గునుగు కాడల్ని ఒకే పొడవుకు తుంచాలి, కట్టలు కట్టాలి, పళ్ళెంలో వరస వరసగా గుండ్రంగా అమర్చాలి. అంచు దగ్గర పువ్వు పెట్టేటప్పుడు పక్క పువ్వు కదలకూడదు. ఆరేళ్ళ పిల్లలు పేర్చడంలో తడబడినా, తుంచి కట్టలు కట్టే పని బాగా చేస్తారు.

ముగ్గు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. పిండిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పట్టుకుని, ఆ వేళ్ళను ఒకదానిమీద ఒకటి నెమ్మదిగా రాస్తూ వదలాలి. పెన్సిల్‌ను నడిపేవి ఆ మూడు వేళ్ళే. చుక్క పెట్టడమంటే కొంచెం వదిలి వెంటనే ఆపడం. గీత అంటే ఆపకుండా ఒకే లెక్కలో వదలడం. పట్టుకోవడం కంటే కొలిచి వదలడం పిల్లలకు కష్టం, అందుకే మొదట్లో చుక్కలన్నీ కుప్పలవుతాయి. చెయ్యి నేలకు ఆనకుండా గాల్లో ఉంటుంది కాబట్టి భుజానికీ పని. మెలికల ముగ్గులో గీత చుక్కల చుట్టూ తిరుగుతూ, ఎక్కడా తెగకుండా దిశ మార్చుకుంటూ పోతుంది. తెలుగు అక్షరాలు రాసే చేతికి కావలసింది అచ్చంగా ఈ నడకే. బజారులో దొరికే ముగ్గురాయి పొడి కంటే పిల్లలకు బియ్యప్పిండి ఇవ్వడం మంచిది, ఆ చెయ్యే నోట్లోకి పోతుంది కాబట్టి.

కత్తెర భయం

కత్తెర అనగానే చాలామంది తల్లులకు టెన్షన్. మొండి కొసల చిన్న కత్తెర, పక్కన ఒక పెద్ద మనిషి ఉంటే మూడేళ్ళ పిల్లలు మొదలుపెట్టవచ్చు. తెరవడం, మూయడం ఒక్కటే ఆ వయసు పని. వాళ్ళకు మామూలు కాగితం, న్యూస్‌పేపర్ ఇవ్వకూడదు. పల్చటి కాగితం కత్తెర మధ్య మడతపడుతుంది, తెగదు, పిల్లవాడికి విసుగొస్తుంది. ఇంట్లో పోగుపడిన పాత శుభలేఖలు దీనికి బాగా సరిపోతాయి. ఆ అట్టను ఒక సెంటీమీటరు వెడల్పు పట్టీలుగా మనం కోసిస్తే, ఒక్క నొక్కుకు ఒక ముక్క టక్కున తెగి పడుతుంది. ఆ చప్పుడు, ఆ తెగడం పిల్లలకు గొప్ప సరదా. ఓ కవరు నిండా ముక్కలు పోగయ్యేదాకా వదలరు. ఆ ముక్కలే జిగురుతో అంటిస్తే చేప పొలుసులవుతాయి, ఇంటి పెంకులవుతాయి.

చూడవలసినది బొటనవేలు. అది పైకి, కప్పు వైపు చూస్తూ ఉండాలి. చెయ్యి బోర్లా తిరిగి బొటనవేలు నేల వైపు చూస్తుంటే మోచేయి పక్కకు లేస్తుంది, అదుపు పోతుంది. మోచేతిని పక్కటెముకలకు ఆనించమంటే చాలావరకు సర్దుకుంటుంది. తిన్నటి గీత వెంట కోయడం నాలుగేళ్ళకు, గుండ్రంగా కోయడం ఐదేళ్ళ ప్రాంతానికి వస్తుంది. గుండ్రంగా కోసేటప్పుడు నిజమైన పని కత్తెర పట్టిన చేతిది కాదు, కాగితాన్ని కొంచెం కొంచెంగా తిప్పే రెండో చేతిది. పిల్లవాడు తానే పక్కకు వంగి తిరుగుతున్నాడంటే ఆ రెండో చేయి ఇంకా పనిలోకి దిగలేదని అర్థం.

పుర్రచేతి వాటం ఉన్న పిల్లలకు మామూలు కత్తెరతో కాగితం తెగదు. ఎడమచేత్తో పట్టినప్పుడు దాని రెండు అంచులు దగ్గరికి రాకుండా విడిపోతాయి, పైగా కోసే గీత కనిపించదు. ఇది వాళ్ళ చేతకానితనం కాదు, కత్తెర తయారైన తీరు. ఎడమచేతి కత్తెరలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చెయ్యి మార్పించడానికి చేతి మీద కొట్టే పద్ధతి ఇప్పటికీ అక్కడక్కడా ఉంది. దానివల్ల వచ్చేది భయమే తప్ప నేర్పు కాదు.

వంటింటి పనుల గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. బఠానీలు ఒలవడం, చిక్కుడుకాయ ఈనె లాగడం, ఉడికించిన వేరుశనక్కాయ చితక్కొట్టకుండా విప్పడం, నానిన వెల్లుల్లి రెబ్బ పొట్టు తీయడం, అన్నీ వేలికొసల పనులే. అన్నం తానే కలుపుకుని తినడం కూడా. ముద్దను వేళ్ళతో దగ్గరకు చేసి, బొటనవేలితో నోట్లోకి తోయడం ఎంత నేర్పున్న కదలికో, ఫోన్ చూపిస్తూ ఐదేళ్ళ దాకా తినిపిస్తున్న పిల్లలకు అది ఎన్ని వేల సార్లు దక్కకుండా పోతోందో ఆలోచిస్తే బాధేస్తుంది.

ఇవన్నీ చేస్తే చేతిరాత బాగుపడుతుందా?

ఇక్కడ నిజం నిజంగా చెప్పుకోవాలి. పూసలు గుచ్చినంత మాత్రాన దస్తూరి గుండ్రంగా రాదు. చేతిరాత ఇబ్బందుల మీద జరిగిన పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపించింది ఏమిటంటే, అక్షరాలు రాసే సాధన లేకుండా వట్టి వేళ్ళ కసరత్తులు మాత్రమే చేయిస్తే రాతలో పెద్దగా మార్పు రాదు. చేతి పనులు రాతకు నేల చదును చేస్తాయి. విత్తనం మాత్రం అక్షరమే. కాబట్టి ఏడేళ్ళ పిల్లవాడి రాత బాలేదని మట్టి ముద్ద ఇచ్చి ఊరుకోవడం కూడా సరికాదు. నాలుగేళ్ళ పిల్లవాడికి మట్టి ఇవ్వకుండా కాపీ పుస్తకమిస్తే తప్పు. ఏడేళ్ళవాడికి రెండూ కావాలి.

చేత్తో రాయడం ఎందుకు ముఖ్యమో చూపించిన ఒక అధ్యయనం ఉంది. అమెరికాలో ఇండియానా యూనివర్సిటీకి చెందిన కేరిన్ జేమ్స్ బృందం 2012లో దాన్ని ప్రచురించింది. ఇంకా చదవడం రాని ఐదేళ్ళ పిల్లల చేత కొన్ని అక్షరాలు స్వయంగా రాయించారు, కొన్ని చుక్కల మీద దిద్దించారు, కొన్ని కీబోర్డు మీద నొక్కించారు. తర్వాత ఆ అక్షరాలు చూపిస్తూ మెదడును స్కాన్ చేస్తే, చదువుకు సంబంధించిన భాగాలు స్వయంగా రాసిన అక్షరాలకు బాగా స్పందించాయి, మిగతా రెండింటికి అంతగా స్పందించలేదు. చేత్తో రాసిన అక్షరం ప్రతిసారీ కొంచెం వంకరగా, కొత్తగా వస్తుంది. ఆ వంకరలన్నిటి వెనక ఉన్న ఒకే ఆకారాన్ని మెదడు పట్టుకుంటుందని వాళ్ళ వివరణ. చుక్కల మీద దిద్దడాన్నే రాత అనుకునే వర్క్‌బుక్కుల పద్ధతికి ఇది గట్టి ప్రశ్న.

మన పాత వరసలో ఒక తెలివి ఉంది. అక్షరాభ్యాసం నాడు పళ్ళెంలో బియ్యం మీద వేలితో రాయిస్తారు. తర్వాత ఇసుక, తర్వాత పలక, ఆ తర్వాతే కాగితం. బియ్యంలో వేలు కదలాలంటే గింజల్ని తోసుకుంటూ పోవాలి. అక్షరం ఆకారం కంటికే కాదు, చేతికీ తెలుస్తుంది. పలక మీద బలపం గరగరలాడుతూ రాపిడి ఇస్తుంది. నున్నటి కాగితం మీద పెన్సిల్ జారినట్టు అది జారదు. అన్నిటికంటే విశేషం విరిగిన బలపం ముక్క. అంగుళం ముక్కను గుప్పిట బిగించి పట్టుకోవడం సాధ్యం కాదు, మూడు వేళ్ళ కొసలతోనే పట్టుకోవాలి. ఇప్పుడు థెరపిస్టులు క్రేయాన్‌ను విరిచి ముక్కలుగా ఇవ్వండని తల్లిదండ్రులకు చెబుతున్నది సరిగ్గా ఇందుకే. లావు పెన్సిళ్ళు, పట్టు తొడుగులు కొనే ముందు క్రేయాన్లను రెండుగా విరిచి చూడండి. ఇంకో చిన్న మార్పు, గోడ. పిల్లవాడి కళ్ళ ఎత్తులో గోడకు చార్టు అంటించి గీయమంటే మణికట్టు దానంతటదే వెనక్కి వంగి, రాతకు కావలసిన కోణంలోకి వస్తుంది. గోడ కింది భాగాన్ని నల్లబల్లగా మార్చిన అంగన్‌వాడీలు ఈ లాభాన్ని పైసా ఖర్చు లేకుండా అందిస్తున్నాయి.

2020 జాతీయ విద్యా విధానం తర్వాత, 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ పాఠ్య ప్రణాళిక చట్రం 3 నుంచి 8 ఏళ్ళ పిల్లలకు ఆట, బొమ్మలు, చేతిపనుల ద్వారానే చదువు అంది. 2023 ఫిబ్రవరిలో జాదూయీ పిటారా పేరుతో బొమ్మలు, పజిళ్ళ పెట్టె విడుదలైంది. కాగితం మీద అంతా బాగుంది. ఎల్‌కేజీ పిల్లవాడి బ్యాగులో మూడు కాపీ రైటింగ్ పుస్తకాలు మాత్రం అలాగే ఉన్నాయి. స్కూలు ప్రాజెక్టు పేరుతో వచ్చే క్రాఫ్ట్ పరిస్థితి ఇంకా విచారకరం. రాత్రి పదింటికి స్టేషనరీ షాపులో థర్మకోల్ కొనేది నాన్న, కోసేది అమ్మ, మార్కులు వచ్చేది ఆ నీటైన పనికి. వంకరగా కోసుకుని తెచ్చిన పిల్లవాడికి తక్కువ మార్కులు. ఈ పద్ధతి మార్చవలసింది టీచర్లు. ఇంట్లో చేయించుకు రమ్మనడం మాని, క్లాసులోనే నలభై నిమిషాలిచ్చి ఎంత అయితే అంత తీసుకోవాలి.

జాగ్రత్తలు, అనుమానాలు

మూడేళ్ళలోపు పిల్లలకు చింతపిక్కలు, పూసలు, గుండీలు ఒంటరిగా ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడతాయి. ఆ వయసుకు నిమ్మకాయంత వస్తువులు చాలు. బటన్ బ్యాటరీలు, చిన్న అయస్కాంతాలు ఇంట్లో ఏ వయసు పిల్లలకూ అందకూడదు. ప్రకృతి వస్తువులతో క్రాఫ్ట్ అనగానే ఎర్రగా నిగనిగలాడే గురివింద గింజల మీదకు మనసు పోతుంది. అవి విషం. పెంకు చిట్లిన గింజ లోపలికి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలు, ఉమ్మెత్త కాయలు కూడా అంతే. రంగు బొమ్మలు కొనేటప్పుడు ఏటికొప్పాకలో అంకుడు కర్రతో, లక్కతో, సహజ రంగులతో చేసినవి చిన్నపిల్లలకు నిశ్చింతగా ఇవ్వవచ్చు. అక్కడి బొంగరాన్ని రెండు వేళ్ళతో మెలిపెట్టి తిప్పడం ఐదేళ్ళ చేతికి మంచి పరీక్ష కూడా.

కొన్ని విషయాల్లో మాత్రం వేచి చూడకూడదు. ఏడాదిన్నర నిండకముందే బిడ్డ ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ, రెండోది గుప్పిట బిగించి ఉంచుతుంటే అది వాటం కాదు, ఆ రెండో చేతిలో బలహీనత ఉందేమో డాక్టరు చూడాలి. ఏడాది దాటినా చిన్న వస్తువును వేలికొసలతో తీయలేకపోతే, ఐదేళ్ళు నిండినా పెద్ద గుండీ పెట్టుకోలేకపోతే, వచ్చిన పని మళ్ళీ పోతుంటే కూడా అంతే. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) కేంద్రాలున్నాయి, 2013 నుంచి నడుస్తున్న పథకం ఇది. బడి వయసు పిల్లలకు ప్రత్యేక అవసరాల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరకు వెళ్ళేటప్పుడు "రాత బాలేదండీ" అని ఒక్క మాటతో ఊరుకోకుండా, నీళ్ళ సీసా మూత తిప్పగలడా, కత్తెర పట్టినప్పుడు బొటనవేలు ఎటు చూస్తోంది, గుప్పిట్లో ఐదు గింజలు పెట్టి ఒక్కొక్కటే వేయమంటే ఎన్ని పడుతున్నాయి, ఓ వారం రోజులు గమనించి రాసుకెళ్ళండి. వాళ్ళు మొట్టమొదట అడిగేవి ఇలాంటి విషయాలే.